అమ్మోనియం నైట్రేట్ కిరాయి ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నాట్ల సమయంలో మా లారీలో యూరియా, డీఏపీ తోలుతుంటాం. ఇప్పుడు విశాఖ నుంచి అమ్మోనియం నైట్రేట్ కిరాయి వచ్చింది. అదీ ఎరువే కదండీ?

జవాబు: దయచేసి ఒప్పుకోకండి. యూరియాకైతే తడవకుండా టార్పాలిన్ కప్పితే చాలు. ఇది వేరు. బరువులో 45 శాతం మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలకు 2012 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) లైసెన్సు లేకుండా తోలితే నేరం. మంటకు కావలసిన ఆక్సిజన్ ఇదే ఇస్తుంది, అందుకే గాలి అందకుండా కప్పినా ఆరదు. కారిన డీజిల్, మిగిలిన ఊక, పాత గోనెలు దీనికి తగలనే కూడదు. దారిలో ఎవరి లోడైనా అంటుకుంటే ఆర్పబోకండి; జనాన్ని దూరంగా పంపి 101కి చెప్పండి. 2013లో టెక్సస్‌లోని వెస్ట్ అనే ఊళ్లో ఎరువుల గోదాం పేలి 15 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లే.