ఇంటర్నెట్ వచ్చాక పసుపు మార్కెట్



"ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి" మా పీజీ పుస్తకాల్లో పెద్ద అధ్యాయం. ఒక జిల్లాలో పండినదానికి తగిన ధర రావడం, అక్కడివాళ్లకు అక్కడే పని దొరకడం అని మనం తేలికగా అర్థం చేసుకోవచ్చు. ఈ పనిలో ఇంటర్నెట్ ఏం మార్చిందో తెలుసుకోవడానికి నిజామాబాద్ మంచి ఉదాహరణ.

పూర్వం మార్కెట్ యార్డుల్లో కుప్పల దగ్గర నోటితో వేలం పాడేవారు. కొన్నిచోట్ల తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకునేవారు. పక్కనే నిలబడ్డ రైతుకు తన సరుకు సంగతే తెలిసేది కాదు!

2016 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ ప్రారంభించింది. మొదట 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లు చేరాయి. వాటిలో నిజామాబాద్ ఒకటి. 2020 మే నాటికి అవి 1,000 అయ్యాయి. గేటు దగ్గర సరుకు నమోదై లాట్ నంబరు వస్తుంది. ఖరీదుదారులు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ధర వేస్తారు. ఒకరు వేసింది మరొకరికి కనబడదు. గడువు ముగిశాక ఎక్కువ ధర వేసినవారి పేరు తేలుతుంది. తర్వాత తూకం, తక్‌పట్టీ. డబ్బును నేరుగా రైతు ఖాతాకు పంపే ఏర్పాటు కూడా ఉంది.

అయితే కంప్యూటర్లు పెడితే సరిపోలేదు, చట్టం మారవలసి వచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకే లైసెన్సు, ఒకే చోట మార్కెట్ ఫీజు, ఎలక్ట్రానిక్ వేలం: ఈ మూడింటికీ ఒప్పుకున్న రాష్ట్రానికే ఈ-నామ్‌లో చోటు. (పరీక్షలో ఈ మూడూ తప్పక రాయండి. చాలామంది వదిలేస్తారు.)

ఇక చిక్కులు. పసుపు కొమ్మును విరిచి, రంగు చూసి కొనే సరుకు. దూరాన ఉన్న వ్యాపారి తెరమీద చూసి కొనాలంటే తేమ, కుర్కుమిన్ శాతం నమ్మకంగా పరీక్షించి చెప్పేవాళ్లు కావాలి. రెండవది అప్పు. పెట్టుబడికి అడ్తిదారు దగ్గర డబ్బు తీసుకున్న రైతు, ఫోన్‌లో ఎన్ని ఊళ్ల ధరలు చూసినా సరుకును ఆ అడ్తికే తేవాలి. ధర తెలిసినంత మాత్రాన బేరమాడే బలం రాదని మా అభిప్రాయం.

మరి మన ఇళ్ల సంగతి? మనలో చాలామంది ఇళ్లలో అమ్మడానికి పంటే ఉండదు. పసుపు తవ్వే కూలీలు, ఉడకబెట్టేవాళ్లు, హమాలీలు మనవాళ్లు. వేలం ఎంత పారదర్శకంగా జరిగినా వాళ్ల కూలి దానంతట అది పెరగదు. అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాస్తూ, కమతం చిన్నదా పెద్దదా అన్నదానికన్నా పెట్టుబడి, పనిముట్ల కొరత పెద్ద సమస్య అన్నారు. భూమి మీద ఆధారపడ్డ అదనపు జనానికి పరిశ్రమల్లో పని చూపాలన్నారు. ఆ లెక్కన పసుపు ముడిసరుకుగా పోకుండా జిల్లాలోనే పొడిగా, నూనెగా మారితేనే మనవాళ్లకు పని. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే వచ్చింది. నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్ అమ్మకం నేర్చిన పిల్లలు ఇక్కడ కావాలి. బి.ఎస్సీ. చదివే తమ్ముళ్లు దీన్ని గమనించాలి.

కౌలుకు చేసేవాళ్ల సరుకు గేటు దగ్గర ఎవరి పేరున నమోదవుతోంది? సాగుచేసినవారి పేరునా, పట్టాదారు పేరునా? మా ప్రాజెక్టులో ఇప్పుడు ఈ ప్రశ్నే అడుగుతున్నాం. సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో తక్‌పట్టీ దొరికితే, దానిమీద ఎవరి పేరుందో చూసి మాకు చెప్పండి.