రోబో ఆపరేషన్ సరే, లోపల కుట్టే దారం ఏది?

చెల్లెళ్ళూ, ఇస్నాపూర్‌లో గానీ పాశమైలారంలో గానీ నలుగురు ఆడవాళ్ళం కూచుంటే గర్భసంచి ఆపరేషన్ ముచ్చట రాకుండా పోదు. ఇప్పుడు దానికి ఇంకో ప్రశ్న తోడైంది: "రోబోతో చేస్తామంటున్నరు అక్కా, చేయించుకోవచ్చా?"

రోబో దానంతట అది కోయదు, కుట్టదు. డాక్టరే పక్కన కన్సోల్ ముందు కూచొని, కెమెరాలో పది రెట్లు పెద్దగా కనిపించే బొమ్మను చూస్తూ, సన్నటి పరికరాలను తన వేళ్ళతో ఆడిస్తారు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఈ యంత్రాలు ముందునుంచే ఉన్నాయి, 2023లో హైదరాబాద్‌లోని మన నిమ్స్ ఆస్పత్రికి కూడా ఒకటి వచ్చింది. పొట్ట పెద్దగా కోసి చేసేదానితో పోలిస్తే గాయాలు చిన్నవి, ఇంటికి తొందరగా పంపిస్తారు. ఇవన్నీ నిజమే. కానీ ఆపరేషన్ అయ్యాక యంత్రం ఆస్పత్రిలోనే ఉంటుంది, దారం మాత్రం నెలల తరబడి మన ఒంట్లో ఉంటుంది. ఆ దారం సంగతి ఎవరూ చెప్పరు, మనమూ అడగం. అందుకే ఈ ముచ్చట.

గర్భసంచి తీసేశాక యోని పైకొసన తెరుచుకున్న చోటును కుట్టి మూయాలి. మామూలు కరిగే దారంతో అయితే చివర ముడులు వెయ్యాలి. చాలా రోబోల్లో డాక్టరు చేతికి స్పర్శ తెలియదు. దారం ఎంత బిగిసిందో కంటితో చూసి అంచనా వెయ్యాల్సిందే. కొంచెం గట్టిగా లాగితే సన్న దారం తెగుతుంది, వదులుగా వదిలితే కుట్టు జారుతుంది. ఈ తిప్పలకు విరుగుడుగా వచ్చిందే బార్బ్‌డ్ సూచర్, అంటే ముళ్ళ దారం. దారం పొడవునా కంటికి ఆననంత చిన్న ముళ్ళు చెక్కి ఉంటాయి. గడ్డి కంకి ముల్లు చీర అంచులో దూరితే ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు చూడండి, ఇదీ అంతే. ఎక్కడ లాగితే అక్కడే పట్టుకుంటుంది కాబట్టి ముడి అక్కర్లేదు.

ఈ ఆలోచన ఈనాటిది కాదు. అమెరికాలో 1964లోనే దీనికి పేటెంట్ ఇచ్చారు. క్విల్ అనే దారానికి 2004లో అక్కడ అనుమతి వచ్చింది, తర్వాత వీ-లాక్, స్ట్రాటాఫిక్స్ వచ్చాయి. మగవాళ్ళకు ప్రోస్టేట్ తీసేశాక మూత్రసంచిని మూత్రనాళానికి కలిపి కుట్టడానికి కూడా రోబో సర్జన్లు వీటిని బాగా వాడతారు.

మరి మనకేమిటి లాభం? కుట్టే సమయం తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. డాక్టరుకు సులువు, మనకు మత్తులో ఉండే నిమిషాలు కొన్ని తగ్గుతాయి. మానడంలో మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదనే చాలావరకు తేలింది. ముళ్ళ దారం ధర మామూలు దారానికి కొన్ని రెట్లు. దానికి తనవైన ఇబ్బందులూ ఉన్నాయి. ఒకసారి బిగిస్తే వదులు చెయ్యలేరు. అతిగా బిగిస్తే అక్కడి కండకు రక్తం సరిగా అందదు. చివర మిగిలిన ముక్కను పొట్టిగా కత్తిరించకపోతే, అరుదుగానే అయినా, పేగు దానికి తగులుకొని మడతపడిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

నన్నడిగితే దారం కంటే కుట్టే చెయ్యే ముఖ్యం. తెర మీద అంతా పది రెట్లు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, అంచుకు మరీ దగ్గరగా సూది వేసే ప్రమాదం ఉంది. కోసేటప్పుడు కరెంటు వేడికి అంచు మాడితే కూడా మానడం ఆలస్యమవుతుంది. ఇలాంటి చోట ఎంత ఖరీదైన దారమూ కాపాడలేదు. "మీరు ఏ దారం వాడతారు? ఇలాంటివి ఎన్ని చేశారు?" అని డాక్టరును అడగండి. మంచి డాక్టరు విసుక్కోరు. డిశ్చార్జి కాగితంలో దారం పేరు రాయించుకోండి. బిల్లులో ఏ దారానికి ఎంత వేశారో చూడండి.

మన సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో గుండె స్టెంట్లు తయారవుతున్నాయి. ఈ దారాలు కూడా అక్కడే తయారై ధర దిగితే ఎంత బాగుండునో అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట మనసులో దాచుకోలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. ఇంతమందికీ అవసరమయ్యే తీశారంటే నేను నమ్మను. అనవసరంగా తీసెయ్యడం మీద 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. తెల్లబట్ట అనో, నెలసరి ఎక్కువవుతోందనో వెంటనే ఒప్పుకోకండి, ఇంకో డాక్టరుకు చూపించండి. ఇంటాయనకు ఈఎస్‌ఐ ఉంటే ఆ కార్డు మీదే మీకూ చూస్తారు, ముందు ఈఎస్‌ఐ ఆస్పత్రికి పోండి.

ఆపరేషన్ తప్పదని తేలి చేయించుకున్నారనుకోండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులెత్తొద్దు, భర్తతో కలవొద్దు. ఏ దారమైనా ఈ గడువు మారదు. పైకి మచ్చలు చిన్నగా ఉన్నాయని పదో రోజే నీళ్ళ బిందె ఎత్తేవాళ్ళను, కంపెనీలో నిలబడి చేసే డ్యూటీకి పోయేవాళ్ళను చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది. అత్తమ్మకు, ఇంటాయనకు ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరు నోటితోనే చెప్పించండి. ఆ వారాల్లో యోని నుంచి ఒక్కసారిగా నీళ్ళలా పోయినా, ఎర్రగా రక్తం కనిపించినా, ఏదో కిందికి జారినట్టు అనిపించినా లోపలి కుట్టు విడిపోయి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రయినా సరే, ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే పోండి. అది దూరమైతే దగ్గర్లోని పెద్దాస్పత్రికి. డిశ్చార్జి కాగితం చేతిలో ఉండాలి.