భాగ్యరెడ్డివర్మ

చంపాపేట నుండి సైదాబాదు, మలక్‌పేట మీదుగా నగరము నడిబొడ్డునకు పోవువారు మూసీనది చెంతనున్న చాదర్‌ఘాట్‌ను దాటుదురు. నూరేండ్ల క్రిందట ఈ ప్రాంతమున ఆదిహిందూ ఉద్యమము వర్ధిల్లెను. దానికి నాయకుడు భాగ్యరెడ్డివర్మ.

ఆయన 1888లో హైదరాబాదున ఒక మాల కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఈ జాతివారే పూర్వము దేశమునేలిన రేడులని చెప్పి, ఇంటి గురువు బాలుని భాగ్యరెడ్డి యని పిలిచెనట. 1913లో ఆర్యసమాజమువారు 'వర్మ' యను బిరుదమిచ్చిరి.

ఆ దినములలో మాలమాదిగలను పంచములనుచుండిరి. నాలుగు వర్ణములకు వెలుపలివారని దాని భావము. వారు ఊరి బావిలో నీరు చేదుకొనరాదు, గుడిలో అడుగిడరాదు, బడిలో తక్కిన పిల్లల సరసన కూర్చుండరాదు. వర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల మూలమున తనవారిని మేలుకొలిపెను. 1910 మొదలుకొని వారి పిల్లలకు పాఠశాలలు తెరచెను. కాలక్రమమున అవి సుమారు 25 ఆయెను. 2,000 మంది బాలబాలికలు వానిలో చదువుకొనిరి. ఉర్దూ రాజభాషగానున్న రాజ్యమున ఆ బడులు తెలుగున బోధించెను.

1917 నవంబరులో బెజవాడయందు పంచమ మహాసభ జరిగెను. అధ్యక్షుడు వర్మయే. తనవారు ఈ నేలకు తొలి బిడ్డలనియు, 'పంచమ' యను పేరు ఒరులు తగిలించినదనియు ఆయన వాదించెను. సభ్యులు సమ్మతించిరి. ఆ సభయే ఆదిఆంధ్ర మహాసభ ఆయెను.

పేరు మారినంతనే దాహము తీరునా? తీరదు. కాని తన్ను తాను హీనుడని తలచువాడు హక్కునడుగజాలడు. 1922లో మద్రాసు ప్రభుత్వము ఆదిఆంధ్ర నామమును అంగీకరించెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆదిహిందువులను ఆ పేరుతోనే గణించెను. లెక్కకెక్కినవారికి తమ సంఖ్య తెలిసెను. సంఖ్య తెలిసినవారు చదువులో, కొలువులో, శాసనసభలో తమ పాలు కోరిరి. ఇట్లు వాడవారి గోడు రాజకీయమున ప్రవేశించెను.

1932 నాటి పూనా ఒడంబడిక నిమ్నజాతులకు శాసనసభలలో ప్రత్యేక స్థానములు కేటాయించెను. వర్మ 1939లో కన్నుమూసెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. 1960లో దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యాయెను. మనదేశమున ఆ పదవినందిన తొలి దళితుడాయనయే.

నేటికిని ఎన్నికలవేళ కులము మాట వినబడుచునేయున్నది. ఆ మాట రెండు విధములు. నీరు దొరకనివాడు నీటికొఱకు తన కులము పేరెత్తుట యొకటి. బావి తనదేయనుటకు కులము పేరెత్తుట వేఱొకటి. మొదటిది న్యాయము, రెండవది అహంకారము. రేపు ఓటు వేయనున్న బాలబాలికలు ఈ భేదమును నేడే గుర్తింపవలెను.