పాఠశాలలయందు నూతన నైపుణ్యములు: పోటీ పరీక్షల ప్రత్యేకం

ఫిల్మ్‌నగర్ స్టూడియోలలో కెమెరాతో సమానముగా కంప్యూటరు కూడ పనిచేయుచున్న యీ కాలమున, యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ అను నాలుగింటి సంక్షిప్తనామమే ‘ఏవీజీసీ’ యని అభ్యర్థులు మొదట ధారణ చేయవలయును. దీనిపై కార్యదళము 2022–23 కేంద్ర బడ్జెట్టునందు ప్రకటింపబడెను. ఈ రంగమునకే చెందిన తెలంగాణ ‘ఇమేజ్’ విధానము 2016 నాటిది.

జాతీయ విద్యావిధానము: మంత్రివర్గామోదము 2020 జూలై 29, ముసాయిదా సంఘాధ్యక్షులు కె. కస్తూరిరంగన్, నిర్మాణము 5+3+3+4. వడ్రంగము, కుమ్మరము మొదలగు స్థానికవృత్తులను బాలురు, బాలికలు స్వహస్తములతో అభ్యసించుటకై 6–8 తరగతులవారికి పది సంచిరహిత దినములు నిర్దేశింపబడినవి. కోడింగ్ పరిచయము కూడ ఆ దశయందే. ప్రశ్న తఱచుగా వచ్చుటకు అవకాశమున్న చోటిది.

అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు: 6–12 తరగతులు, నీతి ఆయోగ్, రోబోటిక్స్, త్రీడీ ముద్రణ.

రాజ్యాంగపు 21ఎ అధికరణము (విద్యాహక్కు): 86వ సవరణ, 2002, వయస్సు 6–14. విద్య ఉమ్మడి జాబితాలో చేరినది 42వ సవరణచే, 1976.

పాఠశాల దాటి ఉన్నతవిద్యకు వచ్చినచో, జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో స్థాపితమై దేశమున ప్రథమమైనది కాగా, 1985 నాటి ఇగ్నోను ప్రథమముగా గుర్తించి మార్కు పోగొట్టుకొనువారు లేకపోలేదు. రెండింటికిని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే.