దూరపు కాలితో అందుకో

పాపా,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో జపాన్ వాళ్ల ఫుట్‌బాల్ ఆట చూసి, ‘సార్, వాళ్లు జర్మనీలో అన్నేళ్లు ఎట్లా నిలబడినారు? నేనూ పోగలనా?’ అని అడిగినావు. రెండో దానికి జవాబు నా చేతిలో లేదు. మొదటిది చెప్తాను. పేపర్లో ఫోటో పడేది విమానం ఎక్కిననాడు. అసలు కథ ఆ తర్వాత ఉంటుంది.

యసుహికో ఒకుదేరా 1977లో జర్మనీలోని కొలోన్ క్లబ్బులో చేరినాడు. అక్కడి పెద్ద లీగు బుండెస్‌లీగాలో ఆడిన మొదటి జపాన్ వాడు అతనే. అప్పటికి వాళ్ల దేశంలో ప్రొఫెషనల్ లీగే లేదు, ఒకుదేరా ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీ జట్టులో ఆడేవాడు. మొదటి సీజన్లోనే కొలోన్ లీగూ కప్పూ రెండూ గెలిచింది. నాకు నచ్చింది అది కాదు. వింగర్‌గా పోయిన మనిషిని తర్వాత బ్రెమెన్ క్లబ్బులో కోచ్ ఒట్టో రెహాగెల్ వెనక్కి దించి లెఫ్ట్ బ్యాక్‌గా ఆడించినాడు. ముందుండి గోల్స్ కొట్టేవాడిని వెనక కాపలా పెడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఒకుదేరా అక్కడే కుదురుకున్నాడు. 1986 దాకా, మొత్తం తొమ్మిదేళ్లు జర్మనీలోనే ఆడినాడు.

మకోతో హసెబె సంగతి ఇంకా చిత్రం. 2008 జనవరిలో వోల్ఫ్స్‌బర్గ్ చేరినాడు, మరుసటి ఏడాది ఆ జట్టు చాంపియన్ అయింది. 2011 సెప్టెంబరులో హాఫెన్‌హైమ్‌తో మ్యాచ్. గోల్‌కీపర్‌కు రెడ్ కార్డు పడింది, సబ్‌స్టిట్యూట్లు అయిపోయినారు. మిడ్‌ఫీల్డర్ హసెబె గ్లవ్స్ తొడుక్కొని పోస్టుల మధ్య నిలబడినాడు. ఒక గోల్ పోయింది, పోనీ. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బులో ముప్పై దాటినాక కాళ్లలో వేగం తగ్గితే డిఫెన్స్ మధ్యలోకి జరిగి, ఆటను ముందే చదివి ఆడినాడు. 2022 యూరోపా లీగ్ ఫైనల్లో 38 ఏళ్ల వయసులో దిగినాడు. 2024లో, 40 ఏళ్లకు గానీ బూట్లు విప్పలేదు.

ఇప్పుడు నీ సంగతి. రైట్ బ్యాక్ ఆడమంటే మొహం ముడుచుకుంటావని మీ కోచ్ చెప్పినాడు. ‘నేను ఫార్వర్డ్’ అని పట్టుబడితే జిల్లా జట్టులో చెల్లుతుందేమో! పరాయి దేశంలో ఫార్వర్డ్‌లు వాళ్లకే బోలెడుమంది ఉంటారు. కోచ్‌కు ఆరోజు ఏ చోటు ఖాళీగా కనబడుతుందో అక్కడ పనికొచ్చే పిల్లనే ఉంచుకుంటాడు.

రెండోది నేల. మన ఎర్రనేల ఎండకు బండబారి ఉంటుంది. బంతి ఎగిరెగిరి మోకాలిదాకా వస్తుంది, నువ్వు రొమ్ముతోనో తొడతోనో ఆపి, తర్వాత తల ఎత్తి చూస్తావు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన చూసే మన అనంతపురం జిల్లాలో పచ్చిగడ్డి మీద ఆట అలవాటు కావాలంటే ఎట్లా అవుతుంది? యూరప్‌లో మ్యాచ్‌కు ముందు గడ్డిని తడుపుతారు. బంతి నేలబారుగా జారి వస్తుంది, నువ్వు తల ఎత్తేలోపల ఎదుటి జట్టు పిల్ల మీద పడుతుంది. కాబట్టి బంతి వచ్చేలోపలే భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూడు. ఒంటిని పక్కకు తిప్పి నిలబడి, బంతి వచ్చే వైపుకు దూరంగా ఉన్న కాలితో అందుకో. ఆ ఒక్క తాకుడుతోనే నువ్వు ముందుకు తిరిగి ఉంటావు. గోడకు కొట్టి, తిరిగొచ్చిన బంతిని ఇట్లా పట్టు. ఎడమ కాలితో ఎక్కువ చెయ్యి, దాన్ని నువ్వు మరీ సోమరిని చేసినావు.

జపాన్ దాకా ఎందుకు, మన తెలుగు పిల్ల గుగులోత్ సౌమ్య ఉంది కదా. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చింది. 2022 ఆగస్టులో ఫిఫా మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేస్తే, ఆమె క్లబ్బు గోకులం కేరళ తాష్కెంట్ దాకా పోయి ఆడకుండానే తిరిగొచ్చింది. అదే ఏడాది సౌమ్య, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌తో ఒప్పందం చేసుకున్నారు. తర్వాత సౌమ్య తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆ జట్టు 2024-25 మహిళల లీగ్ గెలిచింది, ఆమెకు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు వచ్చింది. ‘పోయి తిరిగొచ్చేసిందంట’ అని పెదవి విరిచేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల మాట చెవిన పెట్టొద్దు. అక్కడ నేర్చింది ఇక్కడ ఆడితే తప్పేముంది?

ఇక స్పెయిన్ అంటావా, మనకు మరీ కొత్త దేశమేం కాదు. 1969 నుంచి, ఆ దేశం నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ పుణ్యాన అక్కడి మనుషులు మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నారు. 2010లో ఆ దేశపు టెన్నిస్ ఆటగాడు నడాల్ స్వయంగా అనంతపురం వచ్చి టెన్నిస్ స్కూలు ప్రారంభించినాడు. ఆర్డీటీ గ్రౌండులో ఎదిగిన బారెడ్డి అనూష 2023లో భారత క్రికెట్ జట్టుకు ఆడింది. దారి ఉంది. అయితే ఆ పేర్లు చెప్పి ఎవరైనా ‘పాపను స్పెయిన్ క్లబ్బులో చేర్పిస్తా, ఇంత కట్టండి’ అంటే మీ నాయన ఒక్క రూపాయి ఇవ్వకూడదు. క్లబ్బు ఆటగత్తెకు జీతమిస్తుంది, ఆమె దగ్గర తీసుకోదు. పైగా కొన్ని మినహాయింపులు తప్ప, 18 నిండనిదే వేరే దేశం క్లబ్బుకు మారడానికి ఫిఫా ఒప్పుకోదు. కజుయోషి మియురా 1982లో 15 ఏళ్లకే బ్రెజిల్ పోయినాడని రాసినావు, నిజమే. అప్పటికి ఈ నిబంధన లేదు.

అంటే నీకింకా మూడేళ్లుంది. ఇంగ్లీషు గట్టిగా నేర్చుకో. ముక్కకు ముక్క అప్పజెప్పేది కాదు, కోచ్ అరిచేది అర్థమై వెంటనే అరవగలిగేంత. సంగటి లేకుండా నాలుగు రోజులు ఉండి చూడు, మీ అమ్మ తిట్టినా సరే.

ఇంకో పని. స్కూలు రిజిస్టరులో నీ ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పుట్టిన సర్టిఫికెట్లో ఇంకో తీరుగా ఉన్నాయి. ఇట్లా ఉంటే పాస్‌పోర్టు దగ్గరే ఆగిపోతావు. చెనక్కాయ పీకుడు మొదలైతే మీ నాయనకు తీరిక ఉండదు. అంతలోపలే సచివాలయానికి పోయి మూడూ ఒకటి చేయించమను. అక్కడ ఏమన్నా అడ్డం చెప్తే నాకు ఫోన్ చెయ్యమను, నేనొస్తాను.

ఇట్లు,
మీ డ్రిల్లు సారు