ఇంజన్ దిగాక బండి ఎటు ఒరుగుతుంది?

నేవీలో విమానాల మెకానిక్కుగా చేశాను. విశాఖలో ఐఎన్ఎస్ డేగాలో సర్వీసు ముగించుకుని సొంతూరొచ్చి, రాజాం దగ్గర ట్రాక్టర్ల షెడ్డు పెట్టాను. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. చీపురుపల్లి, బొబ్బిలి, పాలకొండ వైపుల నుంచి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. సుమారు రెండు టన్నుల ఇనుము కింద పడుకుని పనిచేసే పిల్లలు వీళ్లు. స్పానరు పట్టడం తొందరగానే వచ్చేస్తుంది. ఇంజన్ దిగాక మిగిలిన బండిని నిలబెట్టడం మాత్రం ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చెప్పాలి.

1. ఇంజన్ తీస్తే బండి తేలికవుతుందని మాత్రమే అనుకోవద్దు. మిగిలిన బరువు ఎక్కడ కూడుకుంటుందో చూడాలి.

విమానంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ సంగతి అక్కడ బాగా తెలుస్తుంది. అమెరికాలో ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానాలు కట్టుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. మన దేశంలో ముంబై పైలట్ అమోల్ యాదవ్ తన అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనకు తెచ్చాడు. లెక్క కోసం రెండు సీట్ల విమానాన్ని తీసుకుందాం. ఖాళీ బరువు 480 కిలోలు. ముక్కు కింద ఒక చక్రం, రెక్కల దగ్గర రెండు చక్రాలు. బరువంతా కూడే చోటు రెక్కల చక్రాలకు 25 సెంటీమీటర్లు ముందు ఉందనుకోండి. 480ని 0.25తో గుణిస్తే 120. ముక్కును నేలకు అదిమి పెట్టేది ఆ 120.

ఇలాంటి విమానాలకు వాడే లైకమింగ్ ఓ-320 ఇంజన్ ఒట్టిదే 110 కిలోల పైన ఉంటుంది. పంకా, మిగతా సామాను కలిపి 130 అనుకోండి. అది చక్రాలకు 1.4 మీటర్ల ముందు వేలాడుతోంది. 130 ఇంటూ 1.4 అంటే 182. ఉన్నది 120, తీసింది 182. చివరి బోల్టు ఊడి ఇంజన్ గొలుసు మీదికి రాగానే ముక్కు పైకి లేస్తుంది, తోక నేలకి కొట్టుకుంటుంది. కావడికి ముందున్న కుండ దించేస్తే ఏమవుతుందో అదే.

మిగిలిన 62ని తోక కొస వరకు ఉన్న దూరం, 3.5 మీటర్లతో భాగిస్తే సుమారు 18 కిలోలు. అంతే. ఒక మనిషి చేత్తో ఆపగలిగే భారం. అయినా అక్కడ మనిషిని నిలబెట్టకూడదు. ఎవరో వెనక సీటు దగ్గరకు వంగుతారు, ఇంకెవరో రెక్క మీద చెయ్యి ఆనిస్తారు, 18 కాస్తా 40 అవుతుంది. ఇంజన్‌కి చెయ్యి పెట్టకముందే తోక కింద స్టాండు ఉండాలి. అదీ రేకు లోపల అడ్డకట్టు ఉన్నచోటే పెట్టాలి, మధ్యలో మందంగా మడిచిన కంబళి వెయ్యాలి. ఒట్టి రేకు మీద పెడితే తోక సొట్టబోతుంది.

బర్ట్ రూటన్ రూపొందించిన లాంగ్-ఈజీ అనే విమానానికి ఇంజన్ వెనక ఉంటుంది. పైలట్ దిగిపోతే అది వెనక్కి పడుతుందని, ముందు చక్రం ముడిచి ముక్కు నేలకు ఆనించి నిలబెడతారు. దాని ఇంజన్ తీస్తే భారమంతా ముక్కు మీదికి వస్తుంది. అందుకని ఏ బండి దగ్గరికి వెళ్లినా ముందు అడగాల్సింది ఒకటే: చక్రాలకు ఏ పక్కనున్న బరువును మనం తీస్తున్నాం?

2. ట్రాక్టరుకి ఛాసిస్ లేదు.

లారీ ఇంజన్ తీసినా ఛాసిస్ తన చక్రాల మీదే ఉంటుంది. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఆ వెసులుబాటు లేదు. ముందు ఇరుసు, ఇంజన్, క్లచ్ హౌసింగు, గేర్‌బాక్సు, వెనక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండి. క్లచ్ ప్లేటు మార్చాలన్నా బండిని మధ్యకి విడదీయాల్సిందే. విడదీశాక మన ముందున్నవి రెండు చక్రాల బండ్లు రెండు. ఏదీ తనంతట తాను నిలబడదు.

ముందు సగంలో ఇంజన్ చాలా వరకు ఇరుసుకి వెనకే ఉంటుంది, కాబట్టి దాని వెనక కొస దిగిపోతుంది. వెనక సగంలో గేర్‌బాక్సు ముందుకి చాచుకుని ఉంటుంది, మామూలుగా అదీ ముందుకే వాలుతుంది. కానీ లిఫ్టుకి రోటవేటరు తగిలించి ఉంటే లెక్క మారుతుంది: వెనకభాగం కూలబడి గేర్‌బాక్సు పైకి తంతుంది. అందుకే రోటవేటరు, గొర్రు, ట్రాలీ ఏదున్నా ముందు విప్పేయాలి. బంపరుకి తగిలించిన ఇనుప దిమ్మలూ తీసేయాలి. ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూడాలి. 50 లీటర్లంటే 40 కిలోల పైమాటే.

గేర్‌బాక్సు కింద కదలని స్టాండు, ఇంజన్ వెనక కొస కింద చక్రాల ట్రాలీ. వెనక సగం కదలకూడదు, ముందు సగం మాత్రమే జరగాలి. పెద్ద టైర్లకి ముందూ వెనకా చెక్కలు వెయ్యాలి, హ్యాండ్‌బ్రేకు ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇంజన్ కింద ఆయిల్ చాంబరు రేకుదైతే జాకీ దానికి తగలకూడదు. రేకు లోపలికి నొక్కుకుని ఆయిల్ జాలీకి తగులుతుంది. అక్కడికక్కడ ఏమీ తెలియదు, పదిరోజులకి ఆయిల్ ప్రెషరు పడిపోయి బండి తిరిగొస్తుంది.

3. ముందు ఇరుసు మధ్యలో ఉన్న పిన్ను.

నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. పొలం గట్టు మీద ఒక చక్రం ఎక్కినా రెండోది నేల మీదే ఉండేందుకు, ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. బండి కలిసి ఉన్నంతసేపు వెనక పెద్ద చక్రాలు ఒంటిని నిటారుగా పట్టుకుంటాయి. విడదీశాక ముందు సగానికి ఆ పట్టు ఉండదు. ఇంజన్, రేడియేటరు అంతా ఆ పిన్ను మీద పక్కకి తిరగబడగలదు.

మందు సులువు. ఇరుసుకీ, దానిమీద బండిని మోసే బ్రాకెట్టుకీ మధ్య రెండు పక్కలా సందు ఉంటుంది. ఆ సందుల్లో ముక్కోణపు చెక్కలు దిగ్గొట్టాలి. తుమ్మచెక్క మంచిది, మెత్తటి చెక్క నలిగిపోతుంది. సుత్తితో కొడుతుంటే మొదట్లో దబ్‌మంటుంది, బిగిశాక చప్పుడు మారి కణేల్‌మంటుంది. అప్పుడు ఆపి, బైండింగ్ వైరుతో ఇరుసుకి కట్టేయాలి. లేకపోతే ట్రాలీ జరిపేటప్పుడు వచ్చే అదురుకి ఊడి కింద పడుతుంది.

ఒక షెడ్డులో ఒక పక్కే చెక్క కొట్టి రెండో పక్క వదిలేశారు. ముందు సగాన్ని లాగుతుండగా ట్రాలీ చక్రం చిన్న రాయి ఎక్కింది. ఇంజన్ ఖాళీగా ఉన్న పక్కకి ఒరిగింది. అటుపక్క నిలబడ్డ కుర్రాడి పాదం దాని కింద పడింది. ఎముకలు అతికాయిగానీ నడక మునుపటిలా రాలేదు. అతనికి అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా లేవు.

4. జాకీ ఎత్తడానికి, స్టాండు మొయ్యడానికి.

హైడ్రాలిక్ జాకీ లోపల సీలు ఎప్పుడు జారుతుందో బయటికి తెలియదు. ఎత్తాక స్టాండు మీదికి దించేయాలి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు స్టాండు కింద అసలొద్దు. చెక్క పగిలేముందు కిర్రుమంటుంది, సిమెంటు దిమ్మ చెప్పకుండా పిండైపోతుంది.

5. నేల కూడా చూడాలి.

మన దగ్గర ఈ పని ఎక్కువగా వచ్చేది వానాకాలంలోనే. దమ్ము చక్రాలు వేసి బురదలో తిప్పి తిప్పి క్లచ్ కాల్చుకుని వస్తారు. షెడ్డు ముందు మట్టి నానిపోయి ఉంటుంది. పొద్దున సమంగా పెట్టిన స్టాండు మధ్యాహ్నానికి ఒక కాలు దిగబడుతుంది. మందపాటి ఇనుప పలకో, రెండు వరసల స్లీపరు చెక్కలో కింద వెయ్యాలి. సిమెంటు గచ్చుకి పెట్టిన ఖర్చు దండగ కాదు. షెడ్డు పెట్టే ప్రతి కుర్రాడూ బోర్డు రాయించడానికి ముందు గచ్చు చేయించుకోవాలి.

6. చింతకొమ్మకి చైన్ పుల్లీ కట్టొద్దు.

పల్లెల్లో ఇప్పటికీ చూస్తున్నాను. కొమ్మ లోపల పురుగు తిన్నదో లేదో పైనుంచి కనిపించదు. పైగా బరువు ఎక్కుతున్నకొద్దీ కొమ్మ వంగుతుంది, ఇంజన్ పక్కకి జరుగుతుంది. మూడు పైపుల ముక్కాలి నయం. దాని కాళ్లు విడిపోకుండా కింద గొలుసుతో కలిపి కట్టాలి. గొలుసు మీద వేలాడుతున్న బరువు కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు, ఒక్క క్షణమైనా సరే.

7. రైతు తొందర నిజమే.

"ఏటి బావూ, రెండు గంటల పనికి రోజంతా సేస్తన్నావు" అంటాడు రైతు. అతని తొందర నాకు తెలుసు. నాగావళి కాలవ నీరొచ్చింది, నారు ముదిరిపోతోంది, కూలీలు రేపటికి మాట్లాడి ఉన్నారు. అలాంటప్పుడు కుర్రాడిమీద అరవకుండా నేనే వెళ్లి రైతుతో మాట్లాడతాను. పక్క ఊళ్లో ఖాళీగా ఉన్న బండి ఉంటే పురమాయిస్తాను. స్టాండు పెట్టడానికి పట్టే అరగంటను మాత్రం ఎవరడిగినా తగ్గించను. పనివాడి మీద బండి యజమాని తొందర పడకుండా చూడటం షెడ్డు పెద్ద బాధ్యత.

8. కలిపేటప్పుడు ఇంకా జాగ్రత్త.

విప్పేటప్పుడు అందరికీ భయం ఉంటుంది, కలిపేటప్పటికి అలసట వస్తుంది. రెండు సగాల ఎత్తు సరిపోకపోతే బోల్టులు బిగించి దగ్గరికి లాగుదామనిపిస్తుంది. అలా లాగితే హౌసింగు చెవులు విరుగుతాయి, క్లచ్ ప్లేటు మధ్యభాగం దెబ్బతింటుంది. రెండు పక్కలా పొడుగాటి స్టడ్లు వేసి, వాటి మీద జారేలా ట్రాలీ ఎత్తు సరిచేసుకుంటూ చేత్తో తోయాలి. సందు పూర్తిగా మూసుకున్నాకే బిగింపు. బోల్టులన్నీ బిగిశాకే స్టాండు తీయాలి.

ఇరుసు దగ్గర కొట్టిన చెక్కలు చివర్న తీస్తాం. అవి ఉండిపోతే ఇరుసు ఊగదు. రైతు గట్టెక్కించగానే ముందు బ్రాకెట్టు చిట్లుతుంది, లేదా బండే పక్కకి తిరగబడుతుంది. విమానాల్లో ఎగిరేముందు తీయాల్సిన ప్రతి పిన్నుకీ ఎర్రపట్టీ వేలాడుతుంది. మా షెడ్డులో ప్రతి చెక్కకీ అలాగే ఎర్రగుడ్డ కడతాం. బండి విప్పిన కుర్రాడు ఆ రెండు చెక్కలూ తెచ్చి బల్ల మీద పెట్టాకే మా అబ్బాయి రైతుకి తాళం ఇస్తాడు.