నాగజెముడు – జాతులు, నిర్మూలన

పశువుల బీళ్లలోను, చెరువు గట్లమీదను, కంచెల వెంటను పెరుగు నాగజెముడు పొదలను మీరు చూచియే యుందురు. ఈ పొదలు ప్రాకిన బీడు పశువులకు అందకుండ పోవును. మూతికి ముళ్లు గ్రుచ్చుకొన్న పశువు మేత మానును. పొదను నరికి పారవేసినంత మాత్రమున పని తీరదు. నేలపై పడిన ముక్క వేరుతన్ని మరల పొద యగును. కావున ముందుగా మొక్కను గుర్తించుట నేర్వవలెను.

జెముడులన్నియు ఒకటి కావు

బొమ్మజెముడు, ఆకుజెముడు వేరొక కుటుంబమునకు చెందినవి. గీరినచో పాలు కారును. నాగజెముడునకు పాలు రావు, జిగురు రసము మాత్రమే వచ్చును. ఇది అమెరికా ఖండము నుండి వచ్చిన ఒపంషియా ప్రజాతి మొక్క. మనము మట్టలనుకొనునవి ఆకులు కావు, నీరు నిలువచేయు కాండములు. ఈ మొక్క పగటివేళ తన రంధ్రములను మూసికొని, చల్లని రాత్రివేళ తెరచి గాలిని పీల్చును. అందువలననే ఎండకు తట్టుకొనును. పెద్ద ముళ్ల మొదట నుండు నూగు ముళ్లు చర్మములో దిగి బాధించును.

ముఖ్య జాతులు

1. డిల్లెనై: పొట్టిగా, గుబురుగా ప్రాకును. ముళ్లు పసుపు, పూలు పసుపు, పండ్లు ఊదా రంగు. మన నాగజెముడు ఇదియే.
2. ఎలేటియర్: ఎత్తుగా పెరుగును; ముళ్లు గోధుమ వన్నె.
3. మోనకాంత: మట్టలు పలుచగా, నిగనిగలాడుచుండును, ఒక్కొక్క కనుపువద్ద ఒకటి రెండు ముళ్లే యుండును.
4. ఫైకస్ ఇండికా: మట్టలు పెద్దవి. ఇందులో ముళ్లులేని రకములను మేతకై పెంచుదురు.

పురుగు నేర్పిన పాఠము

ఎఱ్ఱ రంగు నిచ్చు కోచినీలు పురుగును పెంచవలెనని ఈస్టిండియా కంపెనీవారు 18వ శతాబ్దము చివర ప్రయత్నించిరి. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుండి బెంగాలునకు పురుగులను తెచ్చెను. కాని అవి కోరిన జాతి కావు. రంగు నాసిగా నుండెను. అయితే ఆ పురుగు మోనకాంత జెముడును పీల్చి చంపివేసెను. డిల్లెనై జాతిని మాత్రము అణచలేకపోయెను.

1926లో సింహళము నుండి వేరొక కోచినీలు పురుగును తెచ్చి దక్షిణ దేశమున వదలిరి. ఇది డిల్లెనై, ఎలేటియర్ జాతులను పట్టెను. అయిదారేండ్లలో సుమారు లక్ష ఎకరముల నేల బాగుపడెను. ఒక్కొక్క పురుగునకు ఒక్కొక్క మేత యని దీనివలన తెలియుచున్నది.

నిర్మూలించు విధము

పొదలు కొద్దిగా ఉన్నచో వేళ్లతో సహా త్రవ్వి తీయవలెను. చేతులకు తొడుగులు, కాళ్లకు చెప్పులు ఉండవలెను. రాలిన ముక్కలను, పండ్లను ఏరి లోతైన గోతిలో పూడ్చవలెను. కాలువలో వేయరాదు, ముక్కలు కొట్టుకొనిపోయి దిగువ పొలములలో మొలచును.

పొదలు మిక్కుటముగా ఉన్నచో మట్టలపై దూదివంటి తెల్లని మచ్చలున్నవేమో చూడుడు. మచ్చను నలిపిన ఎఱ్ఱని రసము అంటినచో అది కోచినీలు పురుగే. పురుగు పట్టిన మట్టలను కోసి, బాగుగా నున్న పొదలపై ఆనించి యుంచవలెను. జోరువానకు పురుగు కొట్టుకొనిపోవును గనుక ఈ పని పొడి దినములలో చేయుడు.

ఒక హెచ్చరిక

మెట్ట ప్రాంతములలో ముళ్లులేని జెముడును మేతగా పెంచుటకు 2022లో కేంద్ర భూవనరుల శాఖ ప్రోత్సాహము మొదలిడెను. దీని మట్టలో పదింట తొమ్మిది పాళ్లు నీరే. మాంసకృత్తులు తక్కువ. ఒంటిగా మేపినచో పశువు పారుకొనును. ముక్కలు చేసి ఎండుగడ్డితో కలిపి పెట్టవలెను.

అయితే నాగజెముడును చంపు పురుగే ఈ మేతజెముడును కూడ చంపును. మొరాకో దేశమున 2014లో ఈ పురుగు కనబడి, అక్కడి జెముడు తోటలను విస్తారముగా నాశనము చేసెను. కావున సమీపమున మేతజెముడు తోట ఉన్నచో పురుగును వ్యాపింపజేయక, పొదలను త్రవ్వి తీయుటయే మేలు. తోట గలవారు తెల్లమచ్చ కనబడిన మట్టను వెంటనే కోసి పూడ్చవలెను.

గ్రామోద్యోగులు ఊరి బీడు నొకసారి తిరిగి చూచి, అందున్న జాతి యేదో, సమీపమున మేతతోట కలదో లేదో రైతులతో కలిసి నిర్ణయించిన పిదపనే పనికి పూనుకొనవలెను. ఊరంతయు ఒక్కమాటుగా చేసిన పనియే నిలుచును. ఒక్క గట్టున విడిచిన ముక్క మరల బీడునంతటిని ఆక్రమించును.